కాలువగట్టు డయోసిస్‌లో వినయ వత్సరం

గర్వాన్ని సమూలంగా నిర్మూలించాలని మా కాలువగట్టు డయోసిస్ కార్యవర్గం జనవరి పదో తేదీన ఏకగ్రీవంగా తీర్మానించింది. గడువు డిసెంబరు ముప్పై ఒకటి. ఆ తీర్మానం టైపు చేసింది నేనే కాబట్టి తేదీల్లో పొరపాటు లేదు.

దీనికంతటికీ కారణం ఒక కుర్చీ. డిసెంబరులో జరిగిన సెమీ క్రిస్మస్ సభలో వేదిక మీద బిషప్పుగారి కుడిపక్కన ఒకే కుర్చీ వేశారు. వేయవలసినవి రెండు. ఉన్న ఆ ఒక్కదానిలోనే పెద్ద చర్చి పాస్టరు రెవరెండ్ శాంతవర్ధన్‌గారూ, కాలేజీ చర్చి పాస్టరుగారూ ఒకేసారి కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. సభ గంటా నలభై నిమిషాలు జరిగింది. కీర్తనలకు అందరూ లేచి నిలబడ్డా, ముందు లేచినవాడికి కుర్చీ పోతుంది గనుక వాళ్ళిద్దరూ కూర్చునే పాడారు. ముగింపు ప్రార్థనలో కుర్చీ కాలు విరిగింది. ఎవరో ఫోనులో తీశారు. మర్నాడు పాలు పోసే అతను కూడా నన్ను ఆపి అడిగాడు.

"మీవోళ్ళలో ఎవరు పడ్డారండీ? లావుపాటాయనా, గెడ్డం ఆయనా?"

ఇద్దరూ పడ్డారని ఉన్నమాట చెప్పాను.

బిషప్పుగారు చాలా బాధపడ్డారు. ఆయన మంచి మనిషి. ఆ బాధలోనే కొండ మీద ఏదో నాయకత్వ శిబిరానికి మూడు రోజులు వెళ్ళి వచ్చారు. కొలవలేనిదాన్ని పెంచలేమని అక్కడ ఒక నిపుణుడు చెప్పాడట. కారు దిగుతూనే, "వినయాన్ని కొలుద్దాం ఏలియా, టైపు మిషను తీయి," అన్నారు. మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చి తొమ్మిదేళ్ళయింది. అయినా ఉత్సాహం వచ్చినప్పుడు ఆయన అలాగే అంటారు.

అలా వినయాభివృద్ధి పర్యవేక్షణ సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శి రెవరెండ్ డాక్టర్ ప్రభుకిరణ్‌గారు. సర్క్యులరు నంబరు ఒకటి ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. ప్రతి గురువుకూ, అంటే ప్రతి పాస్టరుకూ, వందకు వినయ మార్కులు వేస్తారు. అరవై దాటితేనే బదిలీ అయినా, పదోన్నతి అయినా, కొత్తగా పాస్టరును చేసే గురుపట్టం అయినా. ఏదైనా కావాలని అడిగినవారికి అది ఇవ్వరు, ఎందుకంటే అడగడం గర్వ లక్షణం. వద్దని మూడుసార్లు, మూడేసి ప్రతుల్లో, లిఖితపూర్వకంగా తిరస్కరించినవారికే ఇస్తారు.

టైపు చేస్తూ నాకు ఒక సందేహం వచ్చింది. "ఎవరూ ఏదీ అడక్కపోతే, ఎవరికి ఏం కావాలో మనకెలా తెలుస్తుందండీ?"

"ఏది కావాలో దాన్నే వద్దంటారు ఏలియా. కంగారుపడకు," అన్నారు ప్రభుకిరణ్‌గారు.

ఆయన చెప్పినట్టే జరిగింది. మొదటి వారంలోనే ఇరవైముగ్గురు పాస్టర్లు పెద్ద చర్చి తమకు ఎంతమాత్రం వద్దని రాశారు. పక్కనున్న బంగళా కూడా వద్దని అందులో పధ్నాలుగుమంది విడిగా రాశారు. పడవ దాటి వెళ్ళవలసిన ఊటలంక వద్దని మాత్రం ఒక్కరూ రాయలేదు.

అప్పటిదాకా మా గురువులు ఉత్తరాల కింద 'మీ సేవకుడు' అని సంతకం పెట్టేవారు. జనవరి ఆఖరుకి అది 'అల్ప సేవకుడు' అయింది, ఫిబ్రవరిలో 'అత్యల్పుడు' అయింది. తర్వాత శాంతవర్ధన్‌గారు ఒక అడుగు ముందుకు వేసి కొత్త విజిటింగ్ కార్డులు కొట్టించారు. దట్టమైన అట్ట మీద బంగారు అక్షరాలతో 'రెవ. డా. శాంతవర్ధన్, ఎం.ఏ., బి.డి., ధూళి' అని ఉంది. నెల తిరక్కుండానే ఆయనకంటే ఎనిమిదేళ్ళు జూనియరైన పాస్టరొకాయన కూడా ధూళి అని వేసుకున్నాడు. శాంతవర్ధన్‌గారు అభ్యంతరం తెలిపారు. "నిన్నగాక మొన్న గురుపట్టం తీసుకున్నవాడు ధూళి ఏమిటయ్యా? నాకు ముప్పై ఏళ్ళు పట్టింది."

సంఘం అత్యవసరంగా సమావేశమై సీనియారిటీ ఖరారు చేసింది. సర్వీసు పదేళ్ళలోపు ఉన్నవారు అల్పులు, ఇరవై ఏళ్ళలోపు అత్యల్పులు, ఆపైన ధూళి. శూన్యం అనే మాటను బిషప్పుగారికి ప్రత్యేకంగా అట్టేపెట్టారు.

బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కూడా వెలిశాయి. వినయం కోసం అందరూ తల పూర్తిగా దించి ఫొటో దిగడం వల్ల ఏది ఎవరి తలో తెలిసేది కాదు. అందుకని పేర్లు మాత్రం రెండడుగుల అక్షరాల్లో వేయించారు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఊటలంక ఉపదేశి మందా దైవాధీనంగారు ఆఫీసుకు వచ్చారు. ఉపదేశికి గురుపట్టం ఉండదు. ప్రార్థన నడపవచ్చు, వాక్యం చెప్పవచ్చు, పోయినవాళ్ళను సమాధి చేయవచ్చు. రొట్టె విరిచి ప్రభు భోజన సంస్కారం మాత్రం ఇవ్వకూడదు. ఊటలంక గోదావరి రెండు పాయల మధ్య ఉంటుంది. సంస్కారం ఇవ్వడానికి పాస్టరుగారు పడవ దాటి మూడు నెలలకొకసారి వెళతారు. వరదలొస్తే ఆ రాకా ఉండదు. మిగతా రోజులన్నీ ముప్పై ఒక్క ఏళ్ళుగా దైవాధీనంగారివే.

"ఏలియా బాబూ, నా కాయితం ఏవయిందండి?"

"ఏ కాగితమండీ?"

"గురుపట్టం కాయితవండి. పరీచ్చలు పాసయ్యి పదకొండేళ్ళయింది కదండి. జులై రెండుకి నాకు అరవై వచ్చేత్తాయి. ఆ తరవాత ఇవ్వరంట కదా?"

"ఇవ్వరండి."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "పోయినేడు వరదల్లో మావోళ్ళు ముగ్గురు పోయారండి, సంస్కారం అందకుండా. ముగ్గురూ నన్నే అడిగారు. నువ్వే ఓ ముక్క ఎట్టరా దైవాధీనం అని. నేను ఎట్టలేదండి. రూలు కాదు కదండి. ఇప్పుడు దీవెనమ్మగారు మంచాన పడ్డారు. ఎనభై ఏడేళ్ళు. నేను ఎప్పుడు గుమ్మంలోకెళ్ళినా ముందు నా మొహం చూడదండి. సేతులకేసి చూత్తాది."

ఆయన దరఖాస్తు బీరువాలో భద్రంగానే ఉంది. తీసి ప్రభుకిరణ్‌గారి బల్ల మీద పెట్టాను.

"అడిగాడా?" అన్నారాయన.

"అడిగారండి."

"అయ్యో పాపం. మంచి మనిషి. అడక్కుండా ఉండవలసింది."

"ఇది పదకొండేళ్ళ కిందటి దరఖాస్తండి. అప్పటికి సర్క్యులరు లేదు."

"పాత గర్వం ఇంకా ప్రమాదం ఏలియా. వేళ్ళూనుకుని ఉంటుంది." ఆయన కలం తీసి మార్జిన్‌లో రాశారు: 'సదరు అభ్యర్థి కోరియున్నందున అనర్హుడు. ఆత్మీయ పరిశీలనలో ఉంచడమైనది.'

దైవాధీనంగారికి అదే చదివి వినిపించాను. ఆయన కోపగించుకోలేదు. "పరిసీలన ఎన్నాళ్ళండీ?" అని మాత్రం అడిగారు. సర్క్యులరులో ఆ సంగతి లేదని చెప్పాను. కడపటి పడవ వెళ్ళిపోతుందని ఆయన లేచారు.

ఏప్రిల్లో, శుభ శుక్రవారానికి ముందు వచ్చే గురువారం, పాదాలు కడిగే ఆరాధన వచ్చింది. ప్రతి ఏడూ బిషప్పుగారు పన్నెండుమంది పాస్టర్ల పాదాలు కడుగుతారు. ఈసారి కడిగినవారికి పది మార్కులు, కడిగించుకున్నవారికి మైనస్ పది అని సంఘం ప్రకటించింది. ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికల్లా నలభై ఒక్కమంది పాస్టర్లు నలభై ఒక్క బేసిన్లతో, తువ్వాళ్ళతో పెద్ద చర్చి ఆవరణలో దిగారు. నలభై ఒక్కరి పాదాలకూ సాక్సు, బూట్లు బిగించి ఉన్నాయి. చేయి పెట్టడానికి ఎవరికీ సందు లేదు.

కాళ్ళు సమకూర్చే బాధ్యత నాకు అప్పగించారు. ఆటోస్టాండుకి వెళ్ళి అడిగాను. మొదట ఇద్దరు వచ్చారు. ముగ్గురేసి పాస్టర్లు ఒక్కో కాలు పట్టుకునేసరికి ఒకతను చెప్పులు వదిలేసి పారిపోయాడు. ఇక డ్యూటీ కాబట్టి నేనే ప్యాంటు మడిచి బల్ల మీద కూర్చున్నాను. తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా నా పాదాలు ముప్పై మూడుసార్లు కడిగారు. అరికాళ్ళు నానబెట్టిన బాదంపప్పుల్లా అయ్యాయి. పదిహేడోవాడైన శాంతవర్ధన్‌గారు కిందకి చూసి నిష్ఠూరంగా అన్నారు. "ఏమిటయ్యా ఇవి? పూర్తిగా శుభ్రంగా ఉన్నాయి. వీటిని కడిగితే ఎవరు మార్కులేస్తారు?"

సరిగ్గా అప్పుడే గేటులోంచి దైవాధీనంగారు వచ్చారు. పడవ దిగి రేవు బురదలో నడిచి వచ్చారేమో, మోకాళ్ళ కిందదాకా నల్లగా ఉంది. నలభై ఒక్క బేసిన్లూ ఒక్కసారిగా అటు కదిలాయి.

"ముందు నేను చూశాను!"

"సీనియారిటీ ప్రకారం రావాలండీ, సీనియారిటీ!"

"కాలేజీ చర్చికి ఒక్క కాలైనా వదలండి!"

దైవాధీనంగారు బెదిరిపోయి రెండడుగులు వెనక్కి వేశారు. "వద్దు బాబోయ్, నేను కడుక్కుంటానండి. కుళాయి ఎక్కడుందో సెప్పండి సాలు," అని, మొక్కల పక్కనున్న కుళాయి కింద కాళ్ళు పెట్టి, తాటిపీచుతో రుద్దుకుని, రెండు నిమిషాల్లో శుభ్రం చేసుకున్నారు.

నలభై ఒక్కమంది గురువులకు వినయావకాశం లేకుండా చేసినందుకు ఆయన ఖాతాలో ఇరవై మార్కులు తగ్గించారు. అప్పటికి ఆయనకు మార్కులేవీ లేవు. అందుచేత మైనస్ ఇరవై అని వేయమన్నారు. వేశాను.

జూన్ ఆఖరి ఆదివారం గురుపట్టం ఇచ్చే ఆరాధన అని ఖాయమైంది. దైవాధీనంగారికి అరవై నిండడానికి ముందు వచ్చే చివరి అవకాశం అదే. మే నెలలో ఇంటర్వ్యూలు పెట్టారు. ముగ్గురు కుర్రాళ్ళు, వేదాంత కళాశాల నుంచి అప్పుడే వచ్చినవాళ్ళు, వద్దని మూడేసిసార్లు రాసిచ్చి ఉన్నారు. ఆఖరి నిమిషంలో నేను దైవాధీనంగారి ఫైలు కూడా వాటి కింద పెట్టాను. కింద పెట్టిన ఫైలును ప్రభుకిరణ్‌గారు ఈ ఏడాది తప్పకుండా పైకి తీస్తారని నాకు తెలుసు.

మొదటి కుర్రాణ్ణి, "మీలో ప్రధాన లోపం ఏది?" అని అడిగారు. "నా అతి వినయమేనండి," అన్నాడతను. తొంభై రెండు. రెండోవాడు కుర్చీలో కూర్చోకుండా కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. తొంభై నాలుగు. మూడోవాడు లోపలికే రాలేదు. బోర్డు ముందుకు రావడానికి అర్హత లేదని గుమ్మం బయట నుంచి చీటీ పంపాడు. తొంభై ఎనిమిది. మిగతా రెండు మార్కులు చేతిరాత బాగున్నందుకు కోశారు.

దైవాధీనంగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

"మీరు గురుపట్టానికి అర్హులేనా?" అన్నారు ప్రభుకిరణ్‌గారు.

"అర్హుణ్ణేనండి."

కలాలు ఆగిపోయాయి. "మరొకసారి ఆలోచించి చెప్పండి."

"ఆలోసించే సెప్పానండి. పరీచ్చలు పాసయ్యాను. తాగను. మావోళ్ళు నా మాట ఇంటారు. పడవెయ్యడం వచ్చు. ఇంకేం కావాలండి?"

"మీరు వినయవంతులేనా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "అది నాకు తెల్దండి. దీవెనమ్మగారైతే పొగరుబోతు ఎదవ అంటాదండి."

"సాక్షి వాంగ్మూలం," అన్నారు బోర్డులో ఒకాయన. రాసుకున్నారు.

చెప్పులు లేకుండా వచ్చారు గనుక పదకొండు మార్కులు వేయబోయారు. "లేదండి, పడవలో సెప్పు తెగిందండి," అని దైవాధీనంగారే చెప్పేశారు. అదీ పోయింది.

ఇంటర్వ్యూ అయ్యాక ఆయన్ని నా గదిలోకి తీసుకెళ్ళాను. ముందు రోజే ఒక కాగితం టైపు చేసి ఉంచాను. 'మహా అయోగ్యుడనైన నాకు గురుపట్టం ఎంతమాత్రమూ వద్దని ఇందుమూలముగా మనవి.' మూడు ప్రతులు. తేదీలు మాత్రం వేరువేరుగా వేసి మూడు తిరస్కరణలకు సరిపెట్టాను. డిగ్రీ చదువుకున్నాక నేను చేసిన మొదటి తప్పుడు పని అదే. తప్పని అనిపించలేదు. ఫారం అనిపించింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నింపాదిగా చదివారు. "ఇది అబద్దం కదా బాబూ."

"ఫారమండి ఇది. అందరూ ఇలాగే ఇచ్చారు. మీరు వద్దంటే వాళ్ళు ఇస్తారు."

"ఫారమైనా కింద సంతకం నాదే కదండి. నాకు కావాలి. ముప్పై ఒక్కేళ్ళ బట్టీ కావాలి. వద్దని ఎలా రాత్తానండి?"

"దీవెనమ్మగారి కోసమైనా పెట్టండి బాబాయ్." నాకు తెలియకుండానే వరస కలిపేశాను.

ఆయన మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి సర్ది నా బల్ల మీద పెట్టారు. "అబద్దమాడి తెచ్చుకున్న సేత్తో ఆవిడికి రొట్టె ఎడితే, అది రొట్టెవుద్దా అబ్బాయ్? ఆవిడ గుడ్డిది కాదు. సేతులకేసి చూత్తాది."

సంతకం లేనందున పెండింగ్ అని రాసి ఆ కాగితాలను ఆయన ఫైలులోనే పెట్టాను.

జూన్ ఆఖరి ఆదివారం వచ్చింది. పెద్ద చర్చిలో ముందున్న ఎనిమిది వరసల బల్లలు పూర్తిగా ఖాళీగా ఉన్నాయి. కడపటి స్థానంలో కూర్చున్నవారికి పదిహేను మార్కులు అని సంఘం ప్రకటించి ఉండడంతో, పాస్టర్లందరూ తెల్లవారుజామునే వచ్చి చివరి బల్ల పట్టుకున్నారు. దానికంటే వెనక గోడ ఉంది. గోడకు ఆనుకుని కొందరు నిలబడ్డారు. అది గమనించి శాంతవర్ధన్‌గారు గుమ్మం బయటికి వెళ్ళారు. ఆయన వెనక కాలేజీ చర్చి పాస్టరుగారు మెట్లు దిగారు. తొమ్మిదింటికల్లా నలభై ఒక్కమందీ ఆవరణలో ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. చివరనున్నవాడి వెనక్కి ముందున్నవాడు వెళ్ళి చేరుతుండడం వల్ల, ఆ వరస చర్చి చుట్టూ మెల్లగా వెనక్కి నడుస్తోంది.

ఊరి సంఘస్తులు మధ్య బల్లల్లో సర్దుకున్నారు. అప్పుడు ఊటలంకవాళ్ళు దిగారు, ఒక పడవ, తర్వాత ఏడు ఆటోలు. అరవైమంది దాకా ఉంటారు. తమ దైవాధీనం పేరు జాబితాలో ఉందో లేదో కాగితం ఎవరూ పంపలేదు గనుక, చూసిపోదామని వచ్చారట. దీవెనమ్మగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు.

"ఎక్కడ కూకోవాలండీ?" అని అడిగాడు వాళ్ళలో ఒకతను.

నేను జవాబు చెప్పేలోపే దీవెనమ్మగారు చేయి చాపి చూపించారు. "ముందంతా కాళీ ఉంది కదరా సచ్చినోడా, అడుగుతావేటి? నాకు ఇనపడదు, ముందెట్టండి." వాళ్ళు మొదటి వరసల్లో కూర్చున్నారు. దైవాధీనంగారు ఆవిడ కుర్చీ పక్కన కూర్చున్నారు. ప్రభుకిరణ్‌గారు మార్కుల పుస్తకంతో స్తంభం పక్కన నిలబడి అది నోట్ చేసుకున్నారు.

బిషప్పుగారు తన పాత సింహాసనాన్ని మార్చిలోనే తీయించేసి, టేకుతో ప్రత్యేకంగా చేయించిన పీట మీద కూర్చుంటున్నారు. ఆ పీట మీంచి లేవడానికి ఇద్దరు సాయం పట్టాలి. లేచి, ముగ్గురు కుర్రాళ్ళను ముందుకు పిలిచి, ఆరాధన పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగారు. ఈ పరిచర్యకు నీవు నిజముగా పిలువబడితివని నమ్ముచున్నావా? పుస్తకంలో జవాబు కూడా ఉంది. అవును, నమ్ముచున్నాను అనాలి. అనకపోతే తర్వాతి పేజీకి వెళ్ళకూడదు.

మొదటి కుర్రాడు ప్రభుకిరణ్‌గారి పుస్తకం వైపు ఒకసారి చూసి, తల వంచి, "లేదండి, అయోగ్యుణ్ణి," అన్నాడు.

రెండోవాడు, "నేను అంతకన్నా అయోగ్యుణ్ణి," అన్నాడు. మూడోవాడు నోరు తెరవడానికి కూడా అర్హత లేదన్నట్టు చేతులతో సైగ చేశాడు.

బిషప్పుగారు ముందుకు వంగి గొంతు తగ్గించారు. మైకు ఆన్‌లో ఉంది. "అవునని చెప్పండిరా నాయనా. ఇది ఇంటర్వ్యూ కాదు."

"మార్కులేస్తున్నారు కదండీ," అన్నాడు మొదటివాడు, మైకులో.

"ప్రభుకిరణ్, పుస్తకం మూసెయ్యి."

"మూయమని ఆజ్ఞాపించడం కూడా సర్క్యులరు ఒకటి పరిధిలోకి వస్తుందండి," అన్నారు ప్రభుకిరణ్‌గారు వినయంగా. "తమకు కూడా ఖాతా ఉంది."

బిషప్పుగారు ప్రశ్న రెండోసారి అడిగారు. మూడోసారి అడిగారు. మూడుసార్లూ ముగ్గురూ కాదన్నారు. ఆయన నుదుటి చెమట తుడుచుకుని, తెరిచిన పుస్తకంతో సభ వైపు తిరిగారు. ఆ ముఖం చూసి నాకు జాలేసింది. ఎవరి వైపని కాకుండా, దాదాపు తనలో తాను అనుకుంటున్నట్టు, "పిలుపు ఉందని చెప్పేవాడు ఒక్కడూ లేడా ఈ డయోసిస్‌లో?" అన్నారు.

"నాకుందండి," అన్నారు దైవాధీనంగారు. లేచి నిలబడ్డారు.

స్తంభం దగ్గర కలం గీసుకున్న చప్పుడు వినిపించింది.

బిషప్పుగారు నా వైపు చూశారు. "ఏలియా, ఫైలు?"

ఆ రోజు అవసరం రావచ్చని అన్ని ఫైళ్ళూ తెచ్చి పెట్టుకున్నాను. అది నా డ్యూటీ. తీసుకెళ్ళి ఇచ్చాను. "పరీక్షలు ప్యాసండి. వైద్య ధ్రువపత్రం ఉందండి. ఊటలంక సంఘం సిఫారసు ఉందండి. వినయ మార్కులే లేవండి. మైనస్‌లో ఉన్నాయి."

"ఆ మార్కుల నిబంధన ఎవరు పెట్టారు?"

"తమరేనండి."

ఆయన ఫైలు పేజీలు తిప్పారు. సంతకం లేని మూడు కాగితాలు ఆయన కంటపడ్డాయి. తేదీలు చూశారు, నా ముఖం చూశారు. నేను కళ్ళు దించుకున్నాను. అది వినయం కాదు. ఆయన ఫైలు మూసి నా చేతికిచ్చి, దైవాధీనంగారిని దగ్గరికి రమ్మన్నారు.

"నువ్వు తగినవాడివేనా?"

"అది మావోళ్ళని అడగండయ్యా."

బిషప్పుగారు అడక్కముందే దీవెనమ్మగారు కుర్చీలోంచి అందుకున్నారు. "మా ఊరికి తగినోడేనండి. మిగతా ఊళ్ళ సంగతి మాకు తెల్దు. పొగరెక్కువ, అయినా పడవ అద్దరాత్రయినా ఏత్తాడు. వేగిరం కానియ్యండయ్యగారూ, నాకు నడుం లాగేత్తంది."

దైవాధీనంగారు మోకరించారు. హస్తనిక్షేపణ సమయంలో బిషప్పుగారితో పాటు గురువులందరూ వచ్చి అభ్యర్థి తల మీద చేతులుంచాలి. బిషప్పుగారు గుమ్మం వైపు చూసి పిలిచారు. బయట నుంచి, "ముందు మీరు," "అయ్యో, ముందు మీరే," "మీ తర్వాతేనండీ," అన్న మాటలు చాలాసేపు వినిపించాయి. ఎవరూ గడప దాటలేదు. చివరికి బిషప్పుగారు తన రెండు చేతులూ ఆ నెరిసిన తల మీద పెట్టారు. ప్రార్థనలో ఆయన గొంతు ఒకచోట ఆగింది. పుస్తకంలో అక్కడ ఆగమని లేదు.

తర్వాత సంస్కారం. కొత్తగా పట్టం పొందినవాడు బిషప్పుగారి పక్కన నిలబడి రొట్టె విరవాలి. దైవాధీనంగారు విరిచారు. మా డయోసిస్‌లో ముందు గురువులు, తర్వాతే సంఘస్తులు అని మర్యాద ఉంది. ఊటలంకవాళ్ళకు ఆ సంగతి తెలియదు. పళ్ళెం ఎత్తగానే దైవాధీనంగారు తిన్నగా దీవెనమ్మగారి కుర్చీ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఎప్పటిలాగే ముందు ఆయన చేతుల వైపు చూశారు. రెండు అరచేతులూ చాపారు.

ఆవిడ తర్వాత బిషప్పుగారు, ఆ కుర్చీ పక్కనే నేల మీద మోకరించి తీసుకున్నారు. దానికి ఎన్ని మార్కులో ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రభుకిరణ్‌గారు అప్పటికే బయటికి వెళ్ళి వరసలో చివర నిలబడ్డారు. తర్వాత ఊటలంక, తర్వాత ఊరి సంఘస్తులు, ఆ ముగ్గురు కుర్రాళ్ళు, నేను.

అందరికీ అయ్యాక పళ్ళెంలో ఇంకా చాలా రొట్టె మిగిలింది. గురువుల వాటా అది. దైవాధీనంగారు పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డారు. బయట ఎండలో నలభై రెండుమంది, తెల్లటి నిలువంగీల్లో, ఒకరి వెనక ఒకరు.

"ఇంకా ఎవరైనా ఉన్నారా అండీ?"

ఉన్నామనడం గర్వం. ఎవరూ పలకలేదు.

ఆయన మళ్ళీ అడిగారు, ఈసారి కాస్త గట్టిగా. ముందున్నాయన మెల్లగా కదిలి వెనక్కి వెళ్ళి చేరారు. తర్వాతి ఆయన కూడా అలాగే వెళ్ళారు.

మిగిలినదాన్ని అక్కడే పుచ్చుకుని ముగించాలని ఆరాధన పుస్తకంలో ఉంది. పారేయకూడదు, దాచకూడదు. గురువు ఒక్కడివల్ల కాకపోతే తీసుకున్నవాళ్ళలో ఎవరినైనా సాయం పిలవవచ్చు. దైవాధీనంగారు లోపలికి వచ్చి తనవాళ్ళను సాయం పిలిచారు. "ఇటియ్యరా, మళ్ళీ ఎన్నాళ్ళకో," అంటూ దీవెనమ్మగారు రెండో ముక్క అందుకున్నారు.

"ఎన్నాళ్ళకో కాదు పిన్నీ. వచ్చే ఆదివారమే," అన్నారు దైవాధీనంగారు.

పాత్రలో నీళ్ళు పోసి, తొలిపి, ఆ నీళ్ళు తాగి, తుడిచి, తెల్లగుడ్డ కప్పారు. బయట వరస ఇంకా వెనక్కి నడుస్తూనే ఉంది.